పరిచర్య అంటే మైకు పట్టుకోవడమేనా?

పోయిన శుక్రవారం ఉపవాస కూడిక అయ్యాక మా సంఘంలో ఒక అక్క ఇంటికొచ్చింది. గుమ్మంలో నిలబడే, "ఈ మధ్య కూడికలకి రావడం లేదు, ఆత్మీయంగా చల్లబడిపోతున్నావమ్మా" అంది. అప్పుడు నా చేతిలో తడిసిన దుప్పటి ఉంది. మా అత్తయ్యగారిది.

ఆవిడకి పక్షవాతం వచ్చి 14 నెలలు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే వీపు పుండవుతుంది. జావ కూడా కూర్చోబెట్టి, పొలమారకుండా చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. ఇదంతా 'ఇంటి పని' అట. కూడికలో రెండు గంటలు కూర్చోవడం 'దేవుని పని' అట. ఈ లెక్క ఎవరు వేశారో నాకు తెలియాలి.

'పరిచర్య' అన్న మాటనే తీసుకోండి. తెలుగులో దాని అర్థం దగ్గరుండి సేవ చేయడం. రోగికి పరిచర్య చేయడం అంటాం. మన సంఘాల్లో ఇప్పుడు పరిచర్య అంటే వేదిక, మైకు, ఫ్లెక్సీ మీద ఫొటో. రోగి మాత్రం ఆ మాటలోంచి జారిపోయాడు.

ఇలా అంటే చాలామంది మార్త కథ ఎత్తుతారు. లూకా 10వ అధ్యాయంలో ప్రభువు మార్తను సరిచేసిన మాట నిజమే. కానీ వంట చేసినందుకు కాదు, అనేక విషయాల గురించి కంగారుపడుతున్నందుకు. యోహాను సువార్త 11లో ఆయనే క్రీస్తని, దేవుని కుమారుడని ఒప్పుకున్నది ఆ మార్తే. 12వ అధ్యాయంలో ఆమె మళ్లీ వడ్డిస్తూనే కనిపిస్తుంది. ఈసారి ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. ఈ రెండు అధ్యాయాల మీద ప్రసంగం నేనింతవరకూ వినలేదు.

మార్కు 7లో 'కొర్బాను' సంగతి కూడా చూడండి. తల్లిదండ్రులకి అందాల్సింది దేవుడికి ఇచ్చేశామని చెప్పి తప్పించుకునేవాళ్లని యేసు గట్టిగానే గద్దించాడు. మా మరిది నెలనెలా దశమభాగం తప్పకుండా ఇస్తాడు. మందిరం ప్రహరీకి కానుక కూడా ఇచ్చాడు. వాళ్లమ్మ డైపర్లకి మాత్రం ఒక్క రూపాయి పంపలేదు. అతన్ని మాత్రం ఎవరూ చల్లబడ్డావనలేదు.

అలాగని "సేవే నీ సిలువ, మోసుకో తల్లీ" అని ఆడవాళ్లకి మాత్రమే చెప్పేవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. మొదట్లో మా ఆయన కూడా, "అమ్మకి ఇవన్నీ నేనెలా చేస్తాను?" అన్నారు. యోహాను 13 తీసి ముందు పెట్టాను. తువ్వాలు నడుముకి కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగింది ఎవరు? ఇంటి కోడలా? ఆయనేమీ మాట్లాడలేదు. ఆ వారం నుంచి రాత్రి వంతు ఆయనదే.

ఈ 14 నెలల్లో నేనేమీ దేవదూతనైపోలేదు. ఒకరాత్రి మూడోసారి పక్క తడిపితే అత్తయ్యగారి మీద అరిచాను. ఆవిడ ముఖం గోడవైపు తిప్పుకుని ఏడ్చింది. తెల్లారాక ఆ మంచం పక్కనే మోకరించి, ముందు ఆవిడని క్షమాపణ అడిగాను, తర్వాత దేవుణ్ణి. ఆడే ఎడమచెయ్యి నా తల మీద పెట్టింది. ఇరవై ఏళ్లుగా కూడికల్లో "ఓర్పు నేర్పు ప్రభువా" అని గడగడా ప్రార్థించినదాన్ని. నేనడిగిందేమిటో నాకా రోజు తెలిసింది. గలతీ పత్రిక 5వ అధ్యాయంలో ఆత్మ ఫలం గురించి చదవండి. దీర్ఘశాంతం ఉంది, మంచితనం ఉంది. కూడికల హాజరు పట్టీ లేదు.

కూడికలు వద్దని నేననను. సమాజంగా కూడడం మానవద్దని హెబ్రీ పత్రికే చెప్తోంది. అందరితో కలిసి పాడక నా గొంతూ ఎండిపోయింది. కానీ దారి ఒకవైపునుంచే ఉండాలా? మంచం దగ్గర చిక్కుకున్న మనిషి మందిరానికి రాలేకపోతే, మందిరంలో ఉన్నవాళ్లు మంచం దగ్గరికి రావచ్చు కదా.

అందుకే ఆ అక్కని లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. "వచ్చే శుక్రవారం మీరు రెండు గంటలు అత్తయ్య దగ్గర కూర్చోండక్కా, నేను కూడికకి వెళ్లొస్తాను. ఎలా తిప్పాలో, జావ ఎలా పట్టాలో ఇప్పుడే చూపిస్తాను" అన్నాను. ఆవిడ కాసేపు దుప్పటి వైపు చూసి, "ముందు దాన్ని ఇలా ఇవ్వు, నానబెడతాను" అంది.

మీ సంఘంలో కూడా ఈమధ్య కనబడని అక్క ఒకరుంటారు. చల్లబడిందనే ముందు ఒకసారి వాళ్లింటికి వెళ్లి, ఆవిడ చేతిలో ఏముందో చూసి రండి.