డబ్బాల పేరంటం

పసుపు కుంకుమలకు పిలిచే పేరంటానికీ, ప్లాస్టిక్ డబ్బాలు అమ్మే పేరంటానికీ ఆహ్వానంలో భేదం కనిపించదు. రెండింటికీ ఇంటి ఇల్లాలే స్వయంగా గుమ్మం దాకా వచ్చి పిలుస్తుంది. రెండింటిలోనూ ముందు మంచినీళ్లు, ఆ పైన ఫలహారం. పిలుపును కాదనడం రెండింటా మర్యాద కాదు. తేడా అంతా తిరిగి వచ్చేటప్పుడే తెలుస్తుంది.

మా టౌన్‌షిప్‌లో ఒక సీనియర్ మేనేజరుగారి సతీమణి ఆ మధ్య నన్నూ పిలిచారు. షిఫ్టు డ్యూటీ చేస్తూ, ఉదయం టిఫిను మొదలు రాత్రి భోజనం వరకు క్యాంటీన్‌నే నమ్ముకున్న ఒంటరి మనిషిని నేను. నా వంటింటి ఆస్తి ఒక స్టవ్వు, ఒక టీ గిన్నె, రెండు గ్లాసులు. కందిపప్పుకు ఎన్నాళ్లకు పురుగు పడుతుందో నాకు తెలియదు. తెలియలేదన్న చింతా లేదు. "ఊరికే చూసి పోదురు గాని, రండి మేడమ్" అన్నారావిడ.

అమ్మకానికి వచ్చిన మహిళ డబ్బా నిండా నీళ్లు పోసి, మూత పెట్టి, తలక్రిందులుగా పట్టుకున్నది. చుక్క రాలలేదు. మూత మధ్యన నొక్కి, అంచు కాస్త ఎత్తి, లోపలి గాలిని వదిలించే పద్ధతి చూపింది. గ్యాస్కెట్లతో, లీకేజీలతో రోజూ కుస్తీ పట్టే నాకు ఆ బిగింపు నిజంగా ముచ్చట గొలిపింది. "మీరేమి నిలవ చేస్తారండీ?" అని ఎవరో అడిగారు. "ఫ్యూజులు, స్క్రూలు" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వకుండా సరిపోయే డబ్బా వెదికి నా ముందు పెట్టింది.

ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉన్నది. అమెరికాలో ఎర్ల్ టప్పర్ 1946లో తన డబ్బాలను దుకాణాలకు పంపితే అవి సరిగా అమ్ముడుపోలేదు. మూత వాడకం చూపేవారు లేకపోవడం అందుకొక కారణం. బ్రౌనీ వైజ్ అనే మహిళ ఇళ్లలో కూటములు పెట్టి వాటినే విరివిగా అమ్మింది. 1951లో టప్పర్ దుకాణాల అమ్మకం మానుకుని, ఇళ్లలో అమ్మే బాధ్యతంతా ఆమెకు అప్పగించాడు. 1954లో బిజినెస్ వీక్ పత్రిక ముఖచిత్రంగా వెలువడిన తొలి మహిళ ఆమెయే. 1958లో సుమారు ఒక ఏడాది జీతం చేతిలో పెట్టి ఆమెను పంపివేశారు. కంపెనీలో ఆమెకు వాటా ఏదీ లేదు. అదే ఏట టప్పర్ కంపెనీని అమ్ముకున్నాడు. టప్పర్‌వేర్ మన దేశానికి 1996లో వచ్చింది. 2024 సెప్టెంబరులో అమెరికాలో దివాలా పిటిషను వేసింది.

అమ్మే మహిళను నేను చిన్నచూపు చూడలేను. మన కాలనీలో గృహిణిని భర్త హోదాతోనో, క్వార్టరు నంబరుతోనో గుర్తిస్తాము. ఆ గదిలో మాత్రం ఆమెను అందరూ పేరుపెట్టి పిలిచారు. నన్ను బాధించినది వేరే సంగతి. నా పక్కన కూర్చున్న టెక్నీషియన్ భార్య ధరల పట్టికను రెండుసార్లు తిరగవేసి, అన్నింటికన్నా చవకైన చెంచాల సెట్టు రాయించింది. ఆమె భర్త వార్షిక నివేదిక రాసే అధికారి ఆ ఇంటి యజమానే. ఎవరూ ఆమెను బలవంతపెట్టలేదు. ఆ సోఫాలో కూర్చోబెట్టడమే చాలు.

ప్రభుత్వరంగ సంస్థల ప్రవర్తనా నియమాల ప్రకారం ఉద్యోగి అనుమతి లేకుండా వ్యాపారం చేయరాదు. కుటుంబ సభ్యులు వ్యాపారమో, కమిషన్ ఏజెన్సీయో నడిపితే తెలియజేయాలి. డిసెంబరు 2021 నాటి ప్రత్యక్ష అమ్మకాల నిబంధనలు గొలుసుకట్టు పథకాలను నిషేధించాయి. అమ్మకందారు గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా చెప్పకుండా ఇంటికి రాకూడదన్నాయి. హోదా వల్ల కలిగే మొగమాటం మాత్రం ఏ నిబంధనకూ అందేది కాదు.

మరుసటి నెల పేరంటం ఒక క్లర్కుగారింట్లో జరిగింది. ఆ ఇల్లాలు ఆర్డరు కాగితాలను అక్కడ నింపనీయక, కవర్లలో పెట్టి ఇళ్లకు పంపించింది. రెండు రోజుల తరువాత సగానికి పైగా ఖాళీగా తిరిగి వచ్చాయి. అమ్మకానికి వచ్చిన మహిళ వాటిని లెక్కపెట్టుకుని, సంచిలో వేసుకుని, తరువాతి పేరంటం ఎవరింట్లోనో చెప్పమన్నది.