కందిరీగల గూడు కనపడితే కాగడా, మందు సీసా తప్ప ఇంకేం తెలీదా మనకి?

ఇది చదివితే కొంతమందికి కోపం వస్తుంది. రానివ్వండి.

మొన్న మా ఊళ్లో ఒకాయన ఇంటి చూరు కింద కందిరీగలు గూడు పెట్టాయి. అరచెయ్యంత ఉంటుంది, అంతే. పొడుగాటి కర్రకి గుడ్డ చుట్టి, పెట్రోలు పోసి, పట్టపగలు పదకొండింటికి అంటించాడు. గూడు కాలింది. కాలకుండా లేచినవి, మేతకెళ్లి తిరిగొచ్చినవి అన్నీ కలిసి పంచలో నిలబడి చూస్తున్న పిల్లోడి మీద పడ్డాయి. రవ్వ ఎగిరి పక్కనున్న గడ్డివాము అంటుకుంది. నలుగురూ బిందెలతో పరిగెత్తబట్టి సరిపోయింది గానీ, దాని పక్కనే రెండు గేదెలు కట్టేసి ఉన్నాయి. పిల్లోడికి కుట్టిన చోటల్లా సున్నం రాసి మంచం మీద పడుకోబెట్టారు. మొహం వాచి ఊపిరాడక రొప్పుతుంటే అప్పుడు గుర్తొచ్చింది 108. బతికాడు. అది వాడి అదృష్టం, మన తెలివి కాదు.

రెండో రకం వీరులు ఇంకొందరు. చేలో కొట్టగా మిగిలిన మందు తెచ్చి ఇంట్లో గూటి మీద కొడతారు. డైక్లోర్‌వాస్‌ని వాడొద్దని కేంద్రం 2018లోనే ఉత్తర్వు ఇచ్చింది, 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషేధం. అయినా పాత సీసా అటక మీద దాచుకున్న ఇళ్లు నాకు తెలుసు. పైన కిటికీకి మందు, కింద మంచినీళ్ల బిందె. కందిరీగ కుడితే ఒక పూట నొప్పి. ఆ నీళ్లు తాగితే ఎవరు జవాబుదారీ?

అసలు విడ్డూరం వినండి. వరిలో కాండం తొలిచే పురుగుకి, ఆకుముడతకి ట్రైకోగ్రామా కార్డులు కట్టమని చెబుతారు కదా. ఆ కార్డుల్లోంచి వచ్చేది ఏంటనుకున్నారు? కంటికి సరిగా ఆనని చిన్న కందిరీగ జాతి పురుగే. అది రెక్కల పురుగు పెట్టిన గుడ్లలోనే తన గుడ్లు పెట్టి, వాటిని పిల్ల కాకముందే చంపుతుంది. అంటే చేలోకి కందిరీగల్ని డబ్బులిచ్చి కొనుక్కుంటున్నాం. చూరు కింద కూలి అడక్కుండా పనిచేసే వాటిని పెట్రోలు పోసి తగలబెడుతున్నాం. ఎవరండీ తెలివితక్కువ వాళ్లు?

భ్రమరకీటక న్యాయమని పెద్దోళ్లు చెప్పేవారు. మట్టిగూటిలో పురుగుని పెట్టి, చుట్టూ ఝుమ్మని తిరిగితే ఆ పురుగే కందిరీగ అవుతుందని. ఒక ఖాళీ గోడ మీద మట్టిగూడు విప్పి చూడండి. లోపల కదలలేని గొంగళిపురుగులో, సాలీళ్లో ఉంటాయి. తల్లి వాటిని కుట్టి, చచ్చిపోకుండా పడేసి, పక్కన గుడ్డు పెట్టి మూసేస్తుంది. పిల్లకి అదే మేత. చూరుకి కాగితంలాంటి గూడు వేలాడదీసే రకం కూడా లద్దెపురుగుల్ని నమిలి ముద్దచేసి పిల్లలకి పెడుతుంది. మన మిరపా పత్తీ తినే పురుగుల్లాంటివే అవి.

"నీ ఇంట్లో పిల్లకి కుడితే అప్పుడు తెలుస్తుందిలే" అంటారు. నిజమే. గుమ్మం మీద, పిల్లలు ఆడే చోట ఉన్న గూడు ఉంచమని నేను అనడం లేదు. తీయాల్సిందే. కాకపోతే గూడు ఎక్కడుందో, ఏ రకమో చూసి తీయమంటున్నా.

మట్టిగూడు ఒంటరి కందిరీగది. దాని జోలికి పోకపోతే మనల్ని పట్టించుకోదు. దొడ్డి చివర చెట్టు మీద, కంచె మీద ఉన్న చిన్న గూడు కూడా వదిలేయండి, కాపలా కాస్తుంది. గుమ్మం మీద ఇప్పుడే మొదలైన గూడు, ఒకటీ రెండు ఈగలున్నది, పొడుగు కర్రతో పడగొడితే చాలు. అరచెయ్యంత అయితే బాగా చీకటి పడ్డాక, అన్నీ గూటికి చేరాక, ఒళ్లంతా కప్పుకుని, చిక్కటి సబ్బు నీళ్లు గూడంతా తడిసేలా కొట్టండి. మందు కొట్టే పంపు వాడొద్దు. నిచ్చెన ఎక్కొద్దు. టార్చి చేతిలో పట్టుకోవద్దు, వెలుతురు మీదకే వస్తాయి. తెల్లారాక గూడు రాల్చేయండి. అదే బంతి అంత పెద్దగా మూసుకుపోయిన గూడైనా, చెట్టు తొర్రలో పెద్ద కందిరీగలైనా మన వల్ల కాదు. తొడుగులున్న, అనుభవమున్న మనిషిని పిలిచి కూలి ఇవ్వండి.

ఇంకోటి, మోటారు స్టార్టర్ డబ్బా. కరెంటు రాత్రి వస్తుంది, చీకట్లో పోయి మూత తీస్తాం, లోపల గూడు. ఉలిక్కిపడ్డ చెయ్యి ఎక్కడ తగులుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ముందు ఎండు కర్రతో డబ్బా మీద తట్టి, రెండు నిమిషాలు దూరంగా ఆగండి. పగలు మెయిన్ ఆపి, ఉన్న కంతలు మూయండి.

కుడితే సబ్బుతో కడిగి ఐసుముక్క పెట్టండి. సున్నం, ఉల్లిపాయ పేరుతో కాలం పోగొట్టొద్దు. మొహం, నాలుక వాచినా, ఆయాసం, వాంతి, కళ్లు తిరగడం వచ్చినా వెంటనే 108. చాలా చోట్ల కుడితే బాగానే ఉన్నాడనిపించినా ఆసుపత్రికి పోవాల్సిందే. ఆ విషం మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. మూత్రం ఎర్రగానో నల్లగానో వస్తే అస్సలు ఆలస్యం చేయొద్దు.

రెక్కలున్న ప్రతిదాన్నీ శత్రువనుకుని మందు కొట్టే చేలో ఏమైందో మనం చూశాం. మిత్రపురుగులు పోయాయి, అప్పులు మిగిలాయి. అదే బుద్ధిని ఇంటి చూరు దాకా తెచ్చుకోవద్దు. రేపు పొద్దున్నే చూరు కిందా, స్టార్టర్ డబ్బాలోనూ ఒకసారి చూసుకోండి. అగ్గిపెట్టె మాత్రం జేబులోనే ఉంచండి.