గురువారం న్యోకీ, శనివారం ట్రిప్పా



రోమ్‌లోని పాత ట్రాటోరియాలో, అంటే చిన్న భోజనశాలలో, ఇవాళ ఏ వారమో వంటే చెబుతుంది: గురువారం న్యోకీ, శనివారం ట్రిప్పా. న్యోకీ అంటే బంగాళాదుంప ముద్దలు; ట్రిప్పా అంటే మన బోటీయే. రోమ్‌లోనే టెస్టాచ్చో పేటలోని కబేళా 1975లో మూతపడింది. అక్కడి పనివాళ్లకు కూలిలో భాగంగా దక్కిన తోక, పేగులు, పొట్టతో పుట్టిన వంటలు మాత్రం పక్క వీధుల్లో ఇంకా ఉడుకుతున్నాయి. వాటిని ‘ఐదో పావు’ అంటారు. (పశువు నాలుగు పావులూ ఉన్నవాళ్లకు పోగా మిగిలింది!)

పర్యాటకుల కోసం అచ్చేసిన బొమ్మల మెనూల మధ్య ఇలాంటి ఇంటి తరహా భోజనశాలను ఇప్పుడు వెతుక్కోవాల్సి వస్తోంది. అందుకే ఈ సంచిక. మాలో ఇద్దరికి ట్రిప్పా సయించలేదు. అయినా రచనలన్నీ ఆ భోజనశాల బల్ల చుట్టూనే చేరాయి.

వెళ్లేవారికి ఒక్క మాట: బిల్లులో ‘పానె’ అని ఉంటే కంగారుపడకండి, అది మీ ముందు పెట్టిన రొట్టె ఖరీదు.