వనపర్తి పంపిన ప్రతినిధి

రాజకీయములలో గుణము ఫలించునా, చాతుర్యము ఫలించునా యను వాదము మన పల్లె చావళ్లలోను, పట్టణపు వకీళ్ల గదులలోను తెగకున్నది. గుణమును నమ్ముకొన్నవాడు చెడునని పెద్దమనుష్యులే తేల్చి చెప్పుచున్నారు. వారికి మేము వనపర్తినే సాక్ష్యముగా చూపుచున్నాము.

వయోజనులందఱకు ఓటుహక్కు లభించిన 1952 నాటి ఎన్నికలలో వనపర్తి ప్రజలు హైదరాబాదు శాసనసభకు సురవరము ప్రతాపరెడ్డిగారిని పంపిరి. ఆయన గద్వాల సీమవారు. తెలుగునకు రాజాదరణ లేని రాజ్యమున 1926లో గోలకొండ పత్రికను స్థాపించి నడపిరి. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ నిజామాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిరి. తెలంగాణమున కవులే లేరను ఆక్షేపణ వచ్చినప్పుడు కేకలు వేయలేదు. 354 మంది కవుల రచనలను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ఆ కలము మొగమాట మెఱుగదు. ఓటరులు ఎఱిగి యెన్నుకొన్నది ఈ ప్రవర్తననే.

అయినను మంత్రివర్గమున ఆయనకు చోటు దొరకలేదు. కారణములను గూర్చి కథలు చాల గలవు. వానిని మేము తిరిగి చెప్పబోము. 1953 ఆగస్టు 25వ తేదీన ఆయన శాసనసభ్యులుగానే కన్నుమూసిరి. ఆయన రచించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించుట ఆయన చూడలేదు.

ఆ కాలమున ముఖ్యమంత్రులైన బూర్గుల రామకృష్ణారావుగారును పాలమూరు జిల్లావారే. వారును వకీలే, పండితులే. కాని వారిది పదిమందిని కలుపుకొనిపోవు స్వభావము. అది వారిని పీఠమున గూర్చుండబెట్టినది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు ఆ పీఠమును కలహము లేక విడిచి కేరళ గవర్నరుగా వెడలుటకును అదియే తోడ్పడినదని మా యభిప్రాయము.

కావున గుణము ఓడినదనుట సరికాదు. ఓటరుల యెదుట అది గెలిచినది. పదవులు పంచువారి యెదుట మాత్రమే ఒక గుణమునకు ఒక వెల, వేఱొక గుణమునకు వేఱొక వెల పలికినది.

నేడు ఆ పంపకము ఎన్నికకు ముందే, అభ్యర్థిత్వమునొద్దనే జరుగుచున్నది. శాసనసభ అభ్యర్థి వ్యయమునకు విధించిన పరిమితి 40 లక్షల రూపాయలు. దానిని అందఱును పాటించుచున్నారని నమ్మువారు మా పాఠకులలో నుండరు! చందాలిచ్చు భూస్వాములు, వర్తకులు మా పాఠకులలో గలరు. వారి మాటకు పార్టీ కార్యాలయములలో మన్నన గలదు. ఈ మాఱు అభ్యర్థిని గూర్చి వారిని సంప్రదించినప్పుడు, ఎంత ఖర్చు పెట్టగలడని గాక, ఇంతవఱకు ఏమి చేసెనని వారు ముందుగా అడుగవలెనని కోరుచున్నాము.