ఈమెయిలు పోవు త్రోవ

పెద్ద అంబర్‌పేట్ మొదలు దిల్‌సుఖ్‌నగర్ వఱకును గల యిండ్లకు కళాశాలల వర్తమానములు, ఉద్యోగపు పిలుపులు, బ్యాంకుల తాఖీదులు నేడు తఱచుగా ఈమెయిలు మూలముననే వచ్చుచున్నవి. దానిని పంపుటకు మీట నొక్కుట మన బాలబాలికలందఱు నెఱుగుదురు. అది యే త్రోవను పోవునో యెఱిగినవారు మాత్రము కొలదిమంది. ఈ యెఱుకను పాఠశాలయందే కలిగింపవలయునని నా యభిప్రాయము.

1971వ సంవత్సరమున రే టామ్లిన్‌సన్ అను అమెరికా యింజనీరు ఈ చిరునామాలో 'ఎట్' గుర్తును ప్రవేశపెట్టెను. దానికి ఎడమనున్నది మనుష్యుని పేరు. కుడినున్నది అతని ఉత్తరములు చేరు స్థలము పేరు. మనము వ్రాసినది మొదట మన సర్వరును చేరును. ఆ సర్వరు ఇంటర్నెట్టునందలి పేర్లపట్టికను జూచి, ఆ స్థలమునకు వచ్చు ఉత్తరములను పుచ్చుకొను సర్వరేదో కనుగొనును. పిమ్మట ఆ రెండును 1982లో ఏర్పడిన నిబంధన ననుసరించి సంభాషించును. ఎవరి యొద్దనుండి, ఎవరికి అని మొదట తెలిపి, తరువాత ఉత్తరము నొప్పగించును. ఆవలి సర్వరు పలుకకున్నచో, పంపునది కొన్ని దినములు మఱల మఱల ప్రయత్నించి, తుదకు చేరలేదని మనకు తెలుపును. చేరినది అచ్చటనే నిలిచియుండి, స్వీకర్త తన ఫోనులో తెఱచినప్పుడు కంటబడును. పొరుగింటికి వ్రాసినదైనను దూరదేశపు సర్వరును చూచి రావచ్చును.

హైదరాబాదు సంస్థానపు తపాలాబిళ్ళలు 1869లో మొదట వెలువడినవి. అవి సంస్థానపు సరిహద్దు దాటిన చెల్లకుండెను. ఈమెయిలున కట్టి యెల్ల లేదు. నిబంధన యందఱికి నొకటియే గనుక ఏ కంపెనీ సర్వరైనను వేఱొకదానికి ఉత్తరము నందింపగలదు. ఇది గొప్ప మేలు. కాని ఆ తొలి నిబంధన పంపువాని పేరు నిజమో కాదో విచారింపలేదు. కవరుపై ఎవరి పేరైనను వ్రాయవచ్చునట్లే ఇందును వ్రాయవచ్చును. దీనిని అరికట్టుటకై తరువాత ఒక విధమైన ముద్రలు కల్పింపబడినవి. అయితే ఆ ముద్ర 'ఎట్' తరువాతి పేరునకు మాత్రమే సాక్ష్యమిచ్చును. ఆ పేరుగలవాడు యోగ్యుడని చెప్పదు. మోసగాడు పేరుపొందిన సంస్థను పోలిన పేరు కొని, దానికి సరియైన ముద్రనే వేయగలడు.

దొంగ ఉత్తరములను వేఱుచేయు యంత్రములుండగా పిల్లలకీ శ్రమ యేల యని కొందఱందురు. ఆ యంత్రములు ఒక్కొక్కప్పుడు మంచి యుత్తరమును స్పామ్‌లో పడవైచి, చెడ్డదానిని లోనికి విడుచును. కడపటి న్యాయాధిపతి చదువరియే.

కావున బాలబాలికలారా! పైకి కనబడు పేరును నమ్మక, చిరునామాను తుదనుండి చదువుడు. మన ప్రభుత్వ కార్యాలయముల చిరునామాలు సాధారణముగా 'గవ్ డాట్ ఇన్' అనియో 'నిక్ డాట్ ఇన్' అనియో ముగియును. ఆ మాటలు నడుమనుండి, చివర వేఱొక పేరున్నచో అది ప్రభుత్వము వారిది కాదు. రుసుము వెంటనే కట్టుమని తొందరపెట్టు ఉత్తరము వచ్చినచో, అందలి నంబరునకు గాక, మీరు ముందే యెఱిగిన నంబరునకు ఫోను చేసి విచారింపుడు. ఈ సంగతిని ఇంట తల్లిదండ్రులకును తెలుపుడు. వారు చెమటోడ్చి కూర్చిన ధనము ఒక్క మీట నొక్కుటతో పోగూడదు. పూర్వము కవరుపై చిరునామా వ్రాయుట బడిలో నేర్పెడివారు. నేడు చిరునామా చదువుటయు నేర్పవలసియున్నది. దానికి ఒక్క గంట పాఠము చాలును.