యేటి మంచిచెడ్డలకు పురుగుల సాక్ష్యం

నివాసానికి తగిన ఊరిలో ఏడాది పొడుగునా పారే యేరు వుండాలని సుమతీ శతకకారుడు చెప్పాడు. తరతరాలుగా చెన్నపట్నంలో కాపురముంటున్న మనకు కూవం, అడయారు రెండూ వున్నాయి. కాని వంతెన దాటేటప్పుడు ముక్కు మూసుకోవడం తప్ప వాటితో మనకు వేరే చుట్టరికం మిగలలేదు. నీరు చెడిందని ముక్కు చెప్పేవేళకు ఆలస్యమైపోతుంది. అంతకు ముందే చెప్పగలవి నీటి అడుగున బ్రతికే చిన్న పురుగులు.

సీసాలో పట్టిన నీటిని పరీక్షిస్తే ఆ గడియ సంగతి తెలుస్తుంది. రాత్రివేళ యెవరో వదిలిన విషం తెల్లవారేసరికి దిగువకు పోతుంది, సీసాకు దొరకదు. పురుగు అట్లా కాదు. వారాలు, నెలలు అక్కడే వుండి, వచ్చిన నీటినల్లా భరిస్తుంది. మేఫ్లై కీటకాల పిల్లలలో చాలామటుకు ప్రాణవాయువు తగ్గితే బ్రతకవు. నీటిలోనే పెరిగే తూనీగ పిల్లలు కొంత ఓర్చుకుంటాయి. ట్యూబిఫెక్స్ అనే సన్నని యెర్ర పురుగులు మురికిలోనే గుంపులు కడతాయి; అలంకారపు చేపలకు మేతగా అమ్మేవి యివే. కాబట్టి యెవరున్నారు, యెవరు లేరు అని చూస్తే యేటి జాతకం తెలిసినట్లే.

ఇంగ్లండులో గాలంతో చేపలు పట్టేవారు 2007 నుంచి యీ పని చేస్తున్నారు. నెలకొకసారి యేటిలో దిగి, మూడు నిమిషాలు అడుగును కాలితో కదిలించి, వలలో పడినవాటిని తెల్లని పళ్లెంలో పోసి, యెనిమిది రకాలను లెక్కిస్తారు. లెక్క హద్దుకు తగ్గితే ప్రభుత్వశాఖకు కబురు పెడతారు. 2013 జూలైలో కెన్నెట్ నదిలో పురుగులు చచ్చిపోవడం కనిపెట్టినవారు యిట్టి స్వచ్ఛంద సేవకులే. మన రైతులెరిగిన క్లోరిపైరిఫాస్ మందే కారణమని తేలింది. సుమారు 15 కిలోమీటర్ల యేరు దెబ్బతిన్నది. అందుకు రెండు చెంచాల మందు చాలునట!

మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా పురుగులనుబట్టి నీటిని ఐదు తరగతులుగా విభజించే పద్ధతి యేర్పరచింది.

అయితే పిల్లలను తీసుకొని నేపియర్ వంతెన కిందికి దిగమని మేము చెప్పడం లేదు. అక్కడ మురుగు ప్రమాదం. పైగా సముద్రపు పోటు వచ్చే ఉప్పునీటిలో మంచినీటి పురుగుల లెక్క పనికిరాదు. చూడవలసింది యెగువన. చిత్తూరు సీమనుంచి వచ్చే కుశస్థలి మీద 1944లో పూండి జలాశయం కట్టారు. కండలేరునుంచి కృష్ణ నీరు 1996లో అక్కడికే చేరింది. అది మన కుండలో నీరు, మన పిల్లలు తాగే నీరు.

నాలుగు కుటుంబాలు కలిసి, సంబంధించిన అధికారుల అనుమతితో, ప్రవాహం నెమ్మదిగా వున్నచోట యీ పని చేయవచ్చు. కావలసినవి చిన్న వల, తెల్లని పళ్లెం, భూతద్దం, ఒక నోటుపుస్తకం. నెలనెలా అదే చోట, అదే తీరున చూడాలి. వానలకు, యెండలకు కూడా లెక్క మారుతుంది గనుక ఒక్కనాటి చూపుతో తీర్పు చెప్పరాదు. చూసినవాటిని తిరిగి నీటిలో వదలాలి. కూవం చెడుతున్న రోజులలో యిట్టి నోటుపుస్తకం మన యిండ్లలో ఒక్కటైనా లేకపోయింది. కుశస్థలికైనా అది వుండాలని మా కోరిక.