కొండ అంచుకు అప్పగించిన తీర్పు

1994లో వచ్చిన 'ది లయన్ కింగ్'లో స్కార్ చావును చూసినవాళ్లు అంత తేలిగ్గా మర్చిపోరు. అన్న ముఫాసాను చంపి గద్దెనెక్కాడు. ఆ నేరాన్ని పసివాడైన సింబా నెత్తిన రుద్ది అడవి దాటించాడు. చివరికి తన పంచన బతికిన హైనాల నోటికే చిక్కాడు. 2019లో అదే కథ కొత్త సాంకేతికతతో తిరిగొచ్చినప్పుడు తెలుగులో స్కార్‌కు జగపతిబాబు, సింబాకు నాని గొంతులిచ్చారు. ముగింపు మాత్రం మారలేదు. 2024 డిసెంబరులో విడుదలైన 'ముఫాసా' చూస్తే, అదే స్కార్‌కు ఒక బాల్యం, టాకా అనే అసలు పేరు, ప్రేమలో ఓడిపోయిన బాధ అన్నీ సమకూరాయి. నీళ్లలో కొట్టుకొచ్చిన పిల్ల ముఫాసాను తోబుట్టువుగా అక్కున చేర్చుకున్నది ఆ టాకాయే.

ముప్పై ఏళ్లలో ఒకే విలన్ మృగాల ఆహారం నుంచి మనం జాలిపడాల్సిన తమ్ముడి దాకా నడిచొచ్చాడు. యానిమేషన్ సినిమాల విలన్లను శిక్షించాలా, క్షమించాలా అన్న వాదన ఇంత బలంగా వినిపించడానికి కారణం ఈ ప్రయాణమే. శిక్ష కావాలనేవాళ్లు పాత సినిమాలను చూపిస్తారు, క్షమ కావాలనేవాళ్లు కొత్తవాటిని. కానీ రెండు రకాల ముగింపుల్లోనూ విలన్ చాలాసార్లు ఒకే బాధ్యత నుంచి తప్పించుకుంటున్నాడు. తను ఎవరికి అన్యాయం చేశాడో వాళ్ల ఎదుట నిలబడి జవాబు చెప్పుకోవడం లేదు.

పాత సినిమాల సంగతే చూడండి. 1937 నాటి 'స్నోవైట్'లో రాణి నిలబడిన కొండ అంచు పిడుగుపాటుకు విరిగిపడుతుంది. 'బ్యూటీ అండ్ ది బీస్ట్'లో గాస్టన్ కోట మీంచి జారిపోతాడు. 'హంచ్‌బ్యాక్'లో ఫ్రోలో మంటల్లోకి, 'అప్'లో మంట్జ్ ఆకాశం నుంచి, 'ట్యాంగిల్డ్'లో గోథెల్ బురుజు కిటికీ నుంచి పడిపోతారు. కథానాయకుడి చేతికి నెత్తురు అంటకూడదు, విలన్ మాత్రం మిగలకూడదు. ఈ రెండు అవసరాలనూ ఒకేసారి తీర్చేది లోయ. గ్రిమ్ సోదరుల కథలో ఇదే రాణికి ఎర్రగా కాల్చిన ఇనుప చెప్పులు తొడిగి, చచ్చిపడేదాకా నాట్యం చేయిస్తారు. ఘోరమైన శిక్షే. అయినా అది మనుషులు విధించిన శిక్ష, దాని మంచిచెడ్డలకు వాళ్లు బాధ్యులు. సినిమా ఆ క్రూరత్వాన్ని తీసేసి పిడుగును తెచ్చింది. చావు తప్పలేదు, తీర్పు చెప్పినవాళ్లే మాయమయ్యారు.

పిల్లల సినిమాలంటే మెత్తని లోకమనుకోవడమూ భ్రమే. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2014లో ప్రచురించిన ఒక పరిశోధన 'స్నోవైట్' నుంచి 'ఫ్రోజెన్' దాకా 45 యానిమేషన్ చిత్రాలను పెద్దల సినిమాలతో పోల్చింది. ముఖ్యపాత్రలు చనిపోయే ముప్పు పిల్లల చిత్రాల్లోనే సుమారు రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది.

ఇంత చావు పసి మనసులో ఏ న్యాయబుద్ధిని నాటుతోంది? స్విస్ మనోవైజ్ఞానికుడు జాఁ పియాజే 1932లో ప్రచురించిన పుస్తకంలో పిల్లలను అడిగిన ఒక కథ ఉంది. ఇద్దరు పిల్లలు ఆపిల్ పళ్లు దొంగిలిస్తారు. ఒకడు పోలీసుకు దొరుకుతాడు. రెండోవాడు పారిపోతూ పుచ్చిపోయిన వంతెన విరిగి నీళ్లలో పడతాడు. దొంగతనం చేయకపోతే పడేవాడా అని అడిగితే, ఆరేళ్ల పిల్లల్లో ఎక్కువమంది పడేవాడు కాదన్నారు. చెడ్డపని చేసినవాణ్ణి వంతెనే శిక్షిస్తుందని వాళ్ల నమ్మకం. వయసు పెరిగేకొద్దీ ఆ నమ్మకం సడలుతుంది. న్యాయమనేది మనుషులు మాట్లాడుకుని, తూచి, నిలబెట్టుకోవాల్సిన వ్యవహారమని తెలిసొస్తుంది. లోయలో ముగిసే సినిమా పిల్లలను ఆ పుచ్చిన వంతెన దగ్గరే ఆపేస్తోంది. ఇది చిన్న విషయం కాదు. చెడ్డవాణ్ణి ఏదో శక్తి చూసుకుంటుందిలే అనుకుంటూ ఎదిగిన పిల్లలు, రేపు అన్యాయం జరిగినచోట నోరు విప్పాల్సిన అవసరాన్ని ఎక్కడ నేర్చుకుంటారు?

ఇప్పుడు క్షమ వైపు. 2013 నాటి 'ఫ్రోజెన్'లో ఎల్సాను మొదట విలన్‌గానే అనుకున్నారు. ఆమె కోసం రాసిన పాట విన్నాక చిత్రబృందం మనసు మార్చుకుని కథనే తిరగరాసింది. 2016 నాటి 'మోఆనా'లో నిప్పులు కక్కే టే కా నిజానికి గుండె దోపిడీకి గురైన దేవత. ఆమెకు దక్కింది క్షమ కాదు, పోగొట్టుకున్న సొత్తు. అన్యాయం జరిగింది ఆమెకే కాబట్టి అక్కడ లెక్క సరిపోయింది. 'ఎన్‌కాంటో'లో అమ్మమ్మ తన భయమే ఇంటిని పగలగొట్టిందని మనవరాలి ఎదుట ఒప్పుకుంటుంది. ఇవి మంచి ముగింపులు.

చిక్కంతా విషాద గతాన్ని విడుదల పత్రంలా చేతికిచ్చేసే కథలతోనే. బాధ పడ్డాడు కాబట్టి బాధ పెట్టాడు, కాబట్టి వదిలేద్దాం అనే తర్కం పిల్లలకు చేటు. బడిలో రోజూ దెబ్బలు తింటున్న పిల్లవాడికి, కొట్టేవాడి ఇంట్లోనూ కష్టాలున్నాయని చెబితే ఏం ఒరుగుతుంది? 'టాయ్ స్టోరీ 3' ఈ ఉచ్చులో పడలేదు. దారిలో మరిచిపోబడి, తన స్థానంలో మరో బొమ్మ చేరిన లాట్సో ఎలుగు దుఃఖాన్ని ఆ సినిమా దాచలేదు. వుడీ, బజ్ అతని ప్రాణం కూడా కాపాడతారు. ఒక్క బటన్ నొక్కితే అందరూ బతికే క్షణంలో లాట్సో వాళ్లను వదిలేసి పారిపోతాడు. అతని గతం మనకు అర్థమవుతుంది, ఆ పని మాత్రం అతనిదిగానే మిగులుతుంది.

'ముఫాసా' ముగింపు మరింత ఆలోచింపజేస్తుంది. టాకా ద్రోహం చేశాడు, ఆఖరి క్షణంలో అడ్డుపడి ముఫాసా ప్రాణం కాపాడి ముఖాన గాటు తెచ్చుకున్నాడు. రాజైన ముఫాసా అతణ్ణి వెళ్లగొట్టడు, తమతోనే ఉండనిస్తాడు. అయితే అతని పేరు మాత్రం ఇక పలకనంటాడు. ఇది క్షమా కాదు, శిక్షా కాదు. చేసిన తప్పు సరిదిద్దుకునే దారి చూపకుండా కళ్లెదుటే వెలివేయడం. ఆ తమ్ముడే తర్వాత అన్నను లోయలోకి తోస్తాడని ప్రేక్షకులకు ముందే తెలుసు.

1994 చిత్రం ఒకచోట సరైన తలుపు తెరిచింది. ముఫాసాను చంపింది తనేనని ఆడసింహాలన్నీ వినేలా స్కార్ చేతే సింబా చెప్పిస్తాడు. అందరి ముందూ నిజం ఒప్పించడం, ప్రాణం తీయకుండా దేశం విడిచిపొమ్మనడం, అసలైన తీర్పు అక్కడే ఉంది. స్కార్ దాన్ని కాదని దాడికి దిగాక కథ హడావుడిగా హైనాలను పిలిచింది.

తెలుగువారికి ఇది కొత్త చర్చ కాదు. 2025 జులైలో విడుదలై భారతీయ యానిమేషన్ చిత్రాల వసూళ్ల రికార్డులన్నీ తిరగరాసిన 'మహావతార్ నరసింహ'కు తెలుగు పిల్లలూ పెద్దలూ కలిసి వెళ్లారు. హిరణ్యకశిపుడికి క్షమ లేదు, ఉండకూడదు కూడా. కన్నకొడుకును కొండల మీంచి తోయించిన తండ్రి అతను. అయితే భాగవతం అక్కడితో ఆగదు. నరసింహుడు వరం కోరుకోమంటే ప్రహ్లాదుడు తన తండ్రి పాపం తొలగిపోవాలని అడుగుతాడు. శిక్ష పడింది. ఆ తర్వాత క్షమ కూడా వచ్చింది. దాన్ని అడిగినవాడు దెబ్బలు తిన్నవాడే.

అశ్వత్థామ కథ ఇంకా లోతైనది. నిద్రలో ఉన్న ఉపపాండవుల గొంతులు కోసినవాణ్ణి అర్జునుడు కట్టి తెస్తే, అయిదుగురు బిడ్డలను పోగొట్టుకున్న ద్రౌపది వదిలేయమంటుంది. తనలా అతని తల్లి కృపి ఏడవకూడదంటుంది. భీముడు చంపాల్సిందేనంటాడు. అర్జునుడు అతని తల గొరిగి, శిరోమణి తీసుకుని శిబిరం నుంచి వెళ్లగొడతాడు. ప్రాణం మిగిలింది, పరువూ బలమూ పోయాయి. తీర్పు ఏ కొండ అంచుకో వదల్లేదు. నష్టపోయిన తల్లి నోట మొదలై, వాదోపవాదాల మధ్య తేలింది. దీనికన్నా మంచి క్లైమాక్స్ ఏ స్టూడియో రాయగలదు?

క్షమించే హక్కు గాయపడినవారిది. దర్శకుడిది కాదు, ప్రేక్షకులదీ కాదు. 'కుంగ్‌ఫూ పాండా 2'లో తన జాతినే తుడిచిపెట్టిన షెన్‌కు పో ఆ అవకాశం ఇస్తాడు, షెన్ వద్దంటాడు. తోసేసినవాడు తోసేసిన ఫలితం అనుభవించక తప్పదు. 'కోకో'లో స్నేహితుణ్ణి విషమిచ్చి చంపి, అతని పాటలతో పేరు తెచ్చుకున్న ఎర్నెస్టో కథలోనూ గంట మీద పడటం అంత ముఖ్యం కాదు. అతని మాటలు కెమెరా ద్వారా వేలమంది అభిమానులు వినడం, హెక్టర్ పాటలు హెక్టర్ పేరుకు చేరడం, ఇవీ అసలు శిక్షలు. దొంగిలించింది తిరిగి వెళ్లింది.

ఈ మాటలు మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాల్సిన కారణం ఉంది. 2008లో తెరకెక్కిన 'ఛోటా భీమ్'ను తయారుచేసిన గ్రీన్ గోల్డ్ హైదరాబాద్ సంస్థే. దేశమంతటి పిల్లలు చూసే కథలు ఇక్కడ పుడుతున్నాయి, పురాణ కథలకు ఇప్పుడు మార్కెట్ కూడా దొరికింది. ఈ ఊపులో వచ్చే ప్రతి సినిమా రాక్షసుణ్ణి లోయలోకి తోసో, కన్నీటి ఫ్లాష్‌బ్యాక్ వేసి భుజం తట్టో పంపేస్తే నష్టపోయేది పిల్లలే. కథ రాసేవారికి ఒక్కటే విన్నపం. విలన్‌ను చంపండి, బతకనివ్వండి, మీ ఇష్టం. దానికి ముందు ఒక్క సన్నివేశం రాయండి. అతను చేసిందేమిటో బాధితుల ఎదుట అతని నోటితోనే చెప్పించండి. ఏం చేయాలో చెప్పే మాట మొదట వాళ్లకివ్వండి.